కట్టుడు పళ్ళ బ్యాండు

ఆదివారం, నవంబరు 17
మధ్యాహ్నం

అక్కయ్య సముఖానికి,

పద్నాలుగేళ్ళు ఒకే బల్ల దగ్గర నీకు ఎడమవైపు కూర్చున్న చెల్లెలు నమస్కారాలు చెప్పుకుని రాసేది. ఇక్కడ నేనూ, మా ఇంట్లోవాళ్ళూ, మన పళ్ళ ల్యాబ్‌లో అందరూ బాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ కూడా బాగున్నారని పాలిష్ బాబాయ్ చెప్పాడు. ఆ మాట చెప్పాక ఆయన ఇంకొన్ని మాటలు చెప్పాడు. అవి విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మూడుసార్లు చేశాను. ప్రతిసారీ రెండో రింగు రాకముందే నేనే పెట్టేశాను. నువ్వు ఎత్తితే ఏం మాట్లాడాలో తెలియలేదు. ఉత్తరమైతే మధ్యలో ఎవరూ పెట్టెయ్యడానికి ఉండదు.

పోయిన గురువారం మందుల షాపు దగ్గర బాబాయ్‌కి బావగారు కనిపించారట. డాక్టరు మందు మార్చాక నీ చేతి వణుకు చాలావరకు తగ్గిందనీ, మళ్ళీ పనిలోకి వెళ్తే వేళ్ళకే మంచిదని ఆయనే చెప్పాడనీ, నువ్వే ఒప్పుకోవడం లేదనీ అన్నారట. ఇప్పుడు కూరగాయలు కూడా బావగారే తరుగుతున్నారట. సూదిలో దారం ఎక్కించాలన్నా పక్కింటావిడని పిలుస్తున్నావట. ఒక పెద్దావిడ నోట్లో తప్పు పెట్టిన చెయ్యి ఇది, దీన్ని ఇంక దేనికీ నమ్మను అన్నావట.

బాబాయ్ ఇదంతా పళ్ళ సెట్లు పాలిష్ పట్టే మోటారు ఆపకుండానే చెప్పాడు. విన్నాను. విని, నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, చేతిలో ఉన్న సెట్టుకి మిగిలిన ఎనిమిది పళ్ళూ పెట్టేశాను. ఏడుపు రాలేదు, భయమూ వెయ్యలేదు. పన్ను పీకించుకోవడానికి సూది వేయించుకున్నాక పెదవి ఎలా ఉంటుందో, ఆరు నెలలుగా నేను మొత్తం అలాగే ఉన్నాను. ఉందని తెలుస్తుంది, కరుచుకుంటే తెలియదు.

నువ్వు పని మానేసి వెళ్ళిన వారానికే ల్యాబ్ సార్ నన్ను నీ కిటికీ పక్క కుర్చీలో కూర్చోమన్నారు. వెలుతురు బాగుంటుందన్నారు. కూర్చున్నాను. వెలుతురు బాగానే ఉంది. రోజూ ఒకే సమయానికి వస్తాను, దీపం వెలిగిస్తాను, మైనం కత్తి వేడి చేస్తాను, పళ్ళు పెడతాను. మొన్న ఒక పళ్ళ డాక్టరు ఫోన్ చేసి ఈ సెట్టు ఎవరు చేశారో గానీ అచ్చం సొంత పళ్ళలా ఉందన్నాడట. సార్ అందరి ముందూ చెప్పారు. నవ్వాలి కాబట్టి నవ్వాను. ఇంటికి వెళ్ళాక మా ఆయన ఏంటి విశేషాలని అడిగితే ఏమీ లేవన్నాను. అబద్ధమని కూడా అనిపించలేదు.

ఆటపెట్టె ఇంకా భోజనాల గదిలోనే ఉంది. దాని సంగతి రాయకుండా ఇది ముందుకి సాగదు.

సార్ వాళ్ళమ్మాయి పెద్దదైపోయి, ఇంట్లో అడ్డంగా ఉందని ఆ వీడియోగేమ్ పెట్టె ఇక్కడికి తెచ్చిన రోజు నీ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. రెండు ప్లాస్టిక్ గిటార్లు, తీగలు లేవు. మెడ మీద అయిదు రంగుల మీటలు, పొట్ట మీద మీటడానికి ఒక పట్టీ. నాలుగు గుండ్రటి డ్రమ్ములు, కాలితో తొక్కడానికి ఒక పెడలు. ఒక మైకు. టీవీలో ఒక రోడ్డులాంటిది కనిపిస్తుంది, దాని మీద నుంచి రంగు బిళ్ళలు మన మీదికి దొర్లుకుంటూ వస్తాయి. బిళ్ళ గీత దగ్గరికి వచ్చేసరికి ఆ రంగు మీట నొక్కి పట్టీ మీటాలి. సరిగ్గా మీటితే పాటలో గిటారు వినిపిస్తుంది, తప్పితే టక్కుమని చప్పుడు వచ్చి గిటారు మాయమవుతుంది. తెరలో పక్కన ఒక సూది. తప్పులు ఎక్కువైతే అది ఎర్రలోకి పడిపోతుంది, జనం గోల చేస్తారు, పాట ఆగిపోతుంది.

మొదటి రాక్ పాట విని, ఇది పాటా, బాబాయ్ మోటారా అని అడిగావు. బాబాయ్ చిన్నబుచ్చుకున్నాడు, తన మోటారు అంతకంటే శ్రుతిలో ఉంటుందన్నాడు. బ్యాండుకి పేరు పెట్టమని ఆట అడిగితే, మనకి పేరు వెతుక్కోవడమేంటి, కట్టుడు పళ్ళు అని రాయి అన్నావు. అలాగే రాశాను. అప్పట్నించీ మూడేళ్ళు, భోజనాలయ్యాక మిగిలిన ఇరవై నిమిషాలు, ఆ గదిలో కట్టుడు పళ్ళ బ్యాండు కచేరీ చేసింది. నువ్వు లీడు గిటారు, నేను బేసు గిటారు, బాబాయ్ డ్రమ్ములు. మైకు మాత్రం ఎవ్వరం ముట్టుకోలేదు. భాష తెలియని పాట పాడి నవ్వులపాలు కావడమెందుకని బాబాయ్ దానికి ఒక గుడ్డ కప్పాడు.

మన ముగ్గురిలోకీ నీ చెయ్యే చెయ్యి. ఆర్నెల్లు తిరక్కుండానే అన్నింటికంటే కష్టమైన మెట్టుకి వెళ్ళిపోయావు. నేను మధ్య మెట్టు మీదే బిళ్ళల కంటే ముందు మీటేసి తప్పులు చేసేదాన్ని. నువ్వు నన్ను తొందరా అని పిలవడం అక్కడే మొదలైంది. పళ్ళు పెట్టేటప్పుడూ అదే పేరు. తొందరా, మైనం చల్లారనీ. తొందరా, ముందు దవడ అచ్చు చూడు, పన్ను తరవాత. పని నేర్పినదానివి నువ్వే, ఆట నేర్పినదానివీ నువ్వే. నీకు ఇరవై రెండేళ్ళలో ఒక్క సెట్టు తిరిగి రాలేదు. ఆ సంగతి నువ్వెప్పుడూ చెప్పుకోలేదు. సార్ చెప్పేవారు, కొత్త డాక్టర్లు వచ్చినప్పుడు.

ఫిబ్రవరిలో అనుకుంటా, నీ కుడిచెయ్యి మోచెయ్యి దగ్గర పక్కటెముకలకి ఆనించి మీటడం చూశాను. అంతకు ముందు అలా మీటేదానివి కాదు. తరవాత టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం చూశాను. చలిగా ఉందన్నావు. ఆ రోజు చలి లేదు. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. పక్కపక్కనే కూర్చునేవాళ్ళం కదా, అడక్కుండా ఉండటం చాలా తేలిక.

ఆటలో ముందు తెలిసిపోయింది. త్వరత్వరగా వచ్చే బిళ్ళల దగ్గర నీకు రెండు మూడు తప్పిపోయేవి. తరవాత పది. మార్చిలో ఒక రోజు పాట సగంలో ఆగిపోయింది, తెరలో జనం గోల చేశారు. కట్టుడు పళ్ళకి అది జరిగి రెండేళ్ళయింది. బాబాయ్ తన పెడలు అరిగిపోయిందన్నాడు. నువ్వు గిటారు గోడకి ఆనించి, కాసేపు నీ బొటనవేలు వైపు చూసుకుని, పనిలోకి వెళ్ళిపోయావు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు భోజనమయ్యాక, ఇవాళ వద్దులే, కళ్ళు లాగుతున్నాయి అన్నావు.

అప్పుడు చేశాను ఆ పని. నీకు తెలిసినదే, అయినా నా చేత్తో రాయాలి. సెట్టింగుల్లో ఒక చోట, ఎన్ని తప్పులు చేసినా పాట ఆగకుండా పెట్టుకునే వీలుంది. చిన్నపిల్లల కోసం పెట్టినది. అది పెట్టేశాను. పాట చివర ఎవరికి ఎంత శాతం వచ్చిందో అంకెలు పడతాయి కదా, అవి పడగానే మీట నొక్కి దాటించేసేదాన్ని. టైమైపోయిందనో, సార్ వస్తున్నారనో ఒక సాకు. నువ్వు సూది వైపు ఎప్పుడూ చూడవు, బిళ్ళల వైపే చూస్తావు. కాబట్టి పాట చివరిదాకా వెళ్తోందంటే బాగానే వాయిస్తున్నాననే అనుకున్నావు. మళ్ళీ రోజూ రావడం మొదలుపెట్టావు. ఏప్రిల్‌లో ఒకసారి, ఇవాళ చెయ్యి కాస్త తేలిగ్గా ఉందే అని బాబాయ్‌తో అన్నావు. ఆయన నా వైపు చూశాడు. నేను టీవీ వైపు చూశాను.

మేలో ఆ సోమవారం. ఆ పాట పేరు మనకెవరికీ పలకడం రాదు, మధ్యలో లీడు ఒక్కటే నిమిషంపాటు పరుగెడుతుంది, అది. ఆ నిమిషం మొదలైంది. నువ్వు పట్టీ మీద నుంచి చెయ్యి తీసేశావు. అలసిపోయి తీశావో, అనుమానం వచ్చి తీశావో నాకు ఇప్పటికీ తెలియదు. బిళ్ళలు ఒకదాని వెనక ఒకటి వచ్చి గీత దాటి పడిపోతూనే ఉన్నాయి. నీ గిటారు వినిపించడం లేదు. సూది ఎర్రలో అడుగున పడి ఉంది. పాట మాత్రం సాగుతోంది. నేను వాయిస్తూనే ఉన్నాను, ఎందుకు ఆపలేదో చెప్పలేను. పాట అయిపోయింది. తెరలో జనం చేతులెత్తి కేరింతలు కొట్టారు.

"నేను వాయించలేదు. అయినా చప్పట్లు కొడుతున్నారు," అన్నావు.

అంకెలు పడ్డాయి. దాటించడానికి నా వేలు ఆడలేదు. నీ పేరు కింద ముప్పై నాలుగు.

"ఎప్పట్నించి?" అని అడిగావు. మార్చి నుంచి అన్నాను.

"ఇంకెక్కడైనా ఇలాంటిది చేశావా?" అన్నావు. లేదన్నాను.

నువ్వు తలాడించి, గిటారు బెల్టు విప్పి, మడిచి, పెట్టెలో పెట్టావు. కోప్పడి ఉంటే బాగుండేది. సాయంత్రం వెళ్ళేటప్పుడు కూడా అందరికీ చెప్పినట్టే నాకూ వెళ్ళొస్తానని చెప్పావు. ఆ తరవాత పన్ను ఇటివ్వు, దీపం అటు జరుపు అన్న మాటలు తప్ప మన మధ్య వేరే మాటలు లేవు.

ఇంకో రెండు వారాలకి ఆ పెద్దావిడ సెట్టు తిరిగొచ్చింది. ఆవిడ ఊరికి వెళ్ళిపోతోంది, పళ్ళు మైనంలో ఉండగానే ఆవిడ నోట్లో పెట్టి సరిచూసే వ్యవధి లేదని డాక్టరు తొందరపెడితే నేరుగా పూర్తిచేసి పంపిన సెట్టు. ఎడమవైపు పైపళ్ళూ కింది పళ్ళూ కలవడం లేదనీ, నమిలితే చిగురు పుండు పడిందనీ, వారం రోజులుగా ఆవిడ పలచటివి తాగే ఉంటోందనీ చీటీ రాశాడు. సార్ ఆ సెట్టు నీ బల్ల మీద పెట్టారు. అరవలేదు. నువ్వు దాన్ని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పావు. చాలాసేపు తిప్పావు. నేను పక్కనే ఉన్నాను.

"ఇది నా చెయ్యే సార్," అన్నావు.

నీ చేతి సంగతి కొన్నాళ్ళుగా గమనిస్తున్నానని సార్ అన్నారు. కొన్నాళ్ళు అచ్చులకి ప్లాస్టర్ కలిపే వైపు కూర్చోమన్నారు, పళ్ళ పని నీ తొందర చూసుకుంటుందిలే అన్నారు. నువ్వు సరేనన్నావు. మర్నాడు రాలేదు. ఆ వారం చివర బావగారు వచ్చి నీ కత్తులు, కళ్ళజోడు, ఎత్తుకోసం కుర్చీలో వేసుకునే దిండు తీసుకెళ్ళారు.

అంతే. అప్పట్నించి ఆటపెట్టె దగ్గరికి బాబాయ్ రాలేదు. మోకాలు నొప్పి, పెడలు తొక్కలేనంటాడు. మెట్లెక్కేటప్పుడు ఆయనకి ఏ నొప్పీ ఉండదు. నేనొక్కదాన్నే వాయిస్తాను. నీ మెట్టుకి వచ్చాను అక్కా. లీడే వాయిస్తున్నాను. పాట ఆగకుండా ఉండే ఆ సెట్టింగు తీసేశాను. మొన్న ఆ పలకడం రాని పాటకే తొంభై ఏడు వచ్చింది. జనం కేరింతలు కొడతారు, నేను పెట్టె కట్టేసి గ్లాసు కడుక్కుంటాను. బిళ్ళ వస్తే వేలు నొక్కుతుంది. సంతోషమూ లేదు, బెంగా లేదు. ఆ ఇరవై నిమిషాలు ఏ వేలు ఎప్పుడు నొక్కాలో ఇంకొకళ్ళు చెప్తున్నారు, అది చాలు అన్నట్టు ఉంటుంది.

నిన్ను అడగడానికి నాకు ముఖం లేదు, అయినా అడుగుతున్నాను. డాక్టరు వెళ్ళమంటే పనిలోకి రా. నీ చెయ్యి నిజంగానే ఆడకపోతే వద్దు. కానీ ఆ ఒక్క సెట్టు పేరు చెప్పి మానెయ్యకు. ఆటలో నేను చేసినదానికి క్షమించమని అడుగుతున్నాను. నీ మీద జాలిపడి చేశాననుకుని ఉంటావు. జాలి కాదు. నువ్వు లేకుండా ఆ ఇరవై నిమిషాలు ఎలా గడపాలో తెలియక చేశాను. నువ్వు ఓడిపోవడం నీకు కష్టం కాదు అక్కా, నేనే చూడలేకపోయాను. నిన్ను అడిగి ఉండాల్సింది. తేలిక మెట్టుకి దిగుదామా అని అడిగితే నువ్వు దిగేదానివే, మన ముగ్గురిలోకీ సిగ్గు లేనిదానివి నువ్వే కదా. ఆ సంగతి అప్పుడు తోచలేదు.

బావగారికి నమస్కారాలు చెప్పు. కూరగాయలు సన్నగా తరుగుతున్నారో, చేతికొచ్చినట్టు తరుగుతున్నారో రాయి. జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను. నీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
నీ తొందర

తా.క.

మంగళవారం.

కవరు అతికించి రెండు రోజులు సంచిలో పెట్టుకు తిరిగాను. పోస్టు డబ్బా దగ్గరిదాకా వెళ్ళి వచ్చాను. ఇప్పుడు చించి ఇది రాస్తున్నాను.

ఇంకెక్కడైనా ఇలాంటిది చేశావా అని నువ్వు అడిగితే లేదన్నాను. చేశాను.

ఏప్రిల్ నుంచి నీ బల్ల మీద కూడా చేశాను. నువ్వు చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడల్లా నీ మైనం సెట్లు తీసి చూసేదాన్ని. ఏ పన్నైనా వంకరగా అనిపిస్తే కత్తి వేడిచేసి సరిపెట్టి, నువ్వు వచ్చేలోగా ఉన్నచోటే ఉంచేదాన్ని. అలా పదకొండు సెట్లు. పన్నెండోది ఆ పెద్దావిడది. ఎడమవైపు పై దవడపళ్ళు రెండు లోపలికి ఒరిగి ఉన్నాయి. నీ చెయ్యి వణికి అలా పడ్డాయనుకున్నాను. నిటారుగా నిలబెట్టాను. అచ్చు పెట్టి చూడలేదు. నీ అడుగుల చప్పుడు దగ్గరికొచ్చేసింది, చూసే టైము లేదు.

నువ్వు నన్ను ఆ మాట అడిగిన సోమవారానికి ఆ సెట్టు ఇంకా మైనంలోనే, అరలో ఉంది. అవునని ఉంటే ఆ సాయంత్రమే నువ్వు చూసుకుని సరిచేసుకునేదానివి.

తిరిగొచ్చాక దాన్ని మళ్ళీ చెయ్యమని సార్ నాకే ఇచ్చారు. ఆ రెండు పళ్ళూ నిటారుగా పెట్టాను, కింది వాటికి తగల్లేదు. తీసి మళ్ళీ పెట్టాను. మూడుసార్లు. అప్పుడు అచ్చు సరిగ్గా చూశాను. ఆవిడ కింది దవడ కొంచెం లోపలికి ఉంది. నాలుగోసారి నువ్వు ఒరిగించినంతే లోపలికి ఒరిగించాను. కలిసిపోయాయి. నువ్వు కావాలనే అలా పెట్టావు. మిగతా పదకొండింట్లో ఎన్ని నిజంగా వంకరో, ఎన్ని నువ్వు కావాలని పెట్టినవో నాకు తెలియదు. ఆ సంగతి నాకు తెలిసిన రోజుకి నువ్వు వెళ్ళి నాలుగు రోజులే అయింది. ఎవరికీ చెప్పలేదు. కిటికీ పక్కన కూర్చుని పని చేసుకున్నాను.

నిన్న సార్‌కి చెప్పాను. ఆమెకి ఎవరు చెప్తారు అని మాత్రం అడిగారు. నేను రాస్తున్నానన్నాను. ఇవాళ పొద్దున్నుంచి ప్లాస్టర్ వైపు కూర్చున్నాను. కిటికీ పక్క కుర్చీలో ఎవరూ లేరు. సార్ నీ దగ్గరికి వస్తానన్నారు, ఈ ఉత్తరం అందాకే రమ్మన్నాను.

ఆ పెద్దావిడ రెండో సెట్టు పెట్టుకుని అయిదు నెలలైంది. గట్టివి కూడా ఎడమవైపే నములుతోందని డాక్టరు చీటీ పంపాడు. ఈ కవర్లోనే పెడుతున్నాను. అది నీకు రావాల్సిన చీటీ.